విరిగిన బండ్లలోంచి పుట్టిన పనిముట్లు

మొన్న వేసవిలో బంధువుల ఊరికి వెళ్ళినప్పుడు, ఒక పండ్ల గోదాము పక్కనుంచి నడుస్తుండగా వెల్లుల్లి వాసనకు దగ్గరగా ఉండే ఒక ఘాటు ముక్కుకు తగిలింది. మామిడికాయలను మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడకూడదని ఎప్పటినుంచో నిషేధం ఉన్నా, అక్కడ ఎవరో ఇంకా వాడుతున్నారని అర్థమై మనసుకు కష్టం కలిగింది. ఆ కష్టం ఒక పక్కన ఉండగానే, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డు వెనుక రేకుల నీడన ఉండే గ్యాస్ డ్రమ్ము కళ్ళకు కట్టింది. బడి సెలవుల్లో సరదాగా మొదలై, తరువాత కొన్నేళ్ళపాటు నా బతుకుతెరువైన పని ఆ డ్రమ్ము దగ్గరే మొదలైంది.

ఆ డ్రమ్మును బజారులో కొనలేదు. నీళ్ళు నింపిన ఒక పెద్ద పీపాలో అంతకంటే కొంచెం చిన్న పీపాను బోర్లించి, దాని లోపల కార్బైడ్ గడ్డలు వేసిన ఇనుప బుట్టను వేలాడదీసేవారు. గడ్డలకు నీరు తగలగానే బుసబుసమంటూ ఎసిటిలిన్ గ్యాస్ పుట్టి, బోర్లించిన పీపాను మెల్లగా పైకి లేపేది. పీపాతో పాటు బుట్ట కూడా నీళ్ళలోంచి పైకి వచ్చేది కనుక గ్యాస్ పుట్టడం ఆగిపోయేది. వెల్డింగుకు వాడుతున్న కొద్దీ పీపా కిందికి దిగి, గడ్డలు మళ్ళీ తడిసి, మళ్ళీ గ్యాస్ పుట్టేది. మంట గొట్టంలోకి వెనక్కు తన్నితే డ్రమ్ము పేలిపోకుండా మధ్యలో నీళ్ళు పోసిన ఒక ఇనుప బుడ్డి ఉండేది. రోజూ పొద్దున్నే ఆ బుడ్డిలో నీటి మట్టం చూడటం షెడ్డులో నాకు అప్పగించిన మొదటి బాధ్యత. డ్రమ్ము దరిదాపుల్లో బీడీ వెలిగించినవాడు ఎంత పనిమంతుడైనా ఆ పూటకు ఇంటికి వెళ్ళిపోవలసిందే. అడుగున మిగిలిన తెల్లటి ముద్ద సున్నమే కనుక, దానిని గోతిలో నిలవబెట్టి పండుగ ముందు ప్రహరీ గోడకు వెల్ల వేసేవాళ్ళం.

*

మామయ్య షెడ్డుకు యాక్సిడెంట్ బండ్ల షెడ్డని పేరు. కలకత్తా వైపు నుంచి మద్రాసు వెళ్ళే 5వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్ళే 9వ నంబరు రహదారి మా ఊళ్ళోనే కలుస్తాయి. ఇప్పుడు వాటి నంబర్లు 16, 65 అని మారాయి గానీ, మా తరం వాళ్ళ నోట పాత నంబర్లే వస్తాయి. ఆ రెండు రోడ్ల మీద గుద్దుకున్న లారీలు, కాలువలో పల్టీ కొట్టిన లారీలు, చెట్టుకు కొట్టుకున్న లారీలు మరో లారీ వెనుక గొలుసుతో కట్టుకుని ఏ అర్ధరాత్రో మా గేటు ముందుకు వచ్చేవి. ఎక్కువగా టాటా 1210 బండ్లు, లేలాండ్ కామెట్ బండ్లు. క్యాబిన్లు అప్పట్లో ఎక్కువగా కంపెనీ నుంచి వచ్చేవి కావు. వట్టి ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం వస్తే దాని మీద టేకు, నల్లతుమ్మ చెక్కలతో మన వడ్రంగులే కట్టేవారు. ఎదురెదురుగా గుద్దుకున్న బండిలో ఆ చెక్కల గతి ఏమయ్యేదో, లోపల ఉన్న మనుషుల గతి ఏమయ్యేదో ఇక్కడ వివరంగా రాయలేను. మామయ్య మాత్రం బండి రాగానే ముందుగా డ్యాష్‌బోర్డు మీది దేవుడి పటాన్ని తీసి, తుడిచి, ఓనరు చేతికి ఇచ్చేవారు. క్యాబిన్‌ను బిందెలకొద్దీ నీళ్ళతో కడిగించేవారు. ఆ తరువాతే పనిముట్లు బయటికి వచ్చేవి.

ఆ పనిముట్లలో కొన్నవి చాలా తక్కువ. పానాల సెట్టు, జాకీలు, చైన్ పుల్లీ, వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మరు, ఆకురాళ్ళు, హాక్సా బ్లేడ్లు తప్పితే మిగిలినవన్నీ షెడ్డులో చేసుకున్నవే. డబ్బు చాలకపోవడం ఒక కారణం కావచ్చు గానీ అదొక్కటే కారణమని నేను ఒప్పుకోను. ఒక బండి విరిగిన తీరులో మరో బండి విరగదు. ఆ విరుపుకు సరిపోయే పనిముట్టు ఏ కొట్లోనూ దొరకదు. కనుక ముందు పనిముట్టు చేసుకుని, తరువాత పని చేసేవారు. దానికి కావలసిన ఇనుము ఇక బాగుపడదని తేలిన బండ్ల నుంచే వచ్చేది.

*

మొదటి పని కొలత. బండిని దిమ్మల మీదికి ఎక్కించి, నీళ్ళు నింపిన సన్నటి పారదర్శకపు గొట్టంతో నాలుగు మూలలా మట్టం చూసేవాళ్ళం. తరువాత స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర ఛాసిస్‌కు ఉన్న రంధ్రాల నుంచి దారానికి కట్టిన తూకపు గుండును కిందికి వదిలేవారు. విరిగిన యాక్సిల్ రాడ్డు ముక్కను లేత్ మీద చెక్కించి, సూదిమొన తీయించిన గుండు అది. గుండు ఊగడం ఆగేదాకా షెడ్డులో ఎవరూ నడవకూడదు, సుత్తి దెబ్బ వినిపించకూడదు. మొన నిలకడగా ఆగిన చోట నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఇలా ఛాసిస్‌కు రెండు పక్కలా ఉండే పొడవాటి ఇనుప దూలాలు, లాంగ్ మెంబర్ల పొడవునా గుర్తులు పెట్టాక, జాజు అద్దిన నూలుతాడును సాగదీసి చిటుక్కుమని వదిలితే, బండి అసలు ఆకారం నేల మీద ఎర్రటి గీతల్లో కనిపించేది. బండి కింద దూరి మనిషి చూసి పసిగట్టలేని వంకర ఆ గీతల్లో తేటగా తెలిసిపోయేది.

ఆ గీతల మీదికి వచ్చేది జంటబద్ద. నన్నడిగితే మా షెడ్డులోని పనిముట్లన్నిటిలోకి తెలివైనది అదే. రెండు సన్నని టేకు బద్దలను ఒకదాని మీద ఒకటి పెట్టి, పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలతో రెండు చోట్ల బిగించేవారు. బద్దలు ఒకదాని మీద ఒకటి జారతాయి గానీ వదులుగా ఊగవు. ఒక బద్ద కొనను ఈ మూల గుర్తు మీద ఆనించి, రెండో బద్దను జరుపుతూ దాని కొనను ఎదురు మూల గుర్తుకు ఆనించి, రెండు బద్దలు కలిసిన చోట పెన్సిలుతో ఒక గీత. తరువాత అదే జంటబద్దను మిగిలిన రెండు మూలలకు తీసుకువెళ్ళి ఆనిస్తే, గీత కలిస్తే ఛాసిస్ చక్కగా ఉన్నట్టు, కలవకపోతే ఒక లాంగ్ మెంబరు రెండోదానికంటే వెనక్కు జరిగినట్టు. ఎంత జరిగిందో గీతల మధ్య ఎడమే చెబుతుంది. ఇందులో అడుగులూ అంగుళాలూ లేవు, టేపు చదవడంలో వచ్చే పొరపాటుకు చోటు లేదు. చదువు రాని మేస్త్రీలు కూడా వెంట్రుకవాసి తేడాను దీనితో పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

*

తేడా తెలిశాక లాగుడు మొదలయ్యేది. షెడ్డు వెనుక స్థలంలో పాత రైలు పట్టాలను లోతుగా నిలువునా పాతి, చుట్టూ కాంక్రీటు పోయించారు. బండిని ఒక స్తంభానికి కట్టి, వంగిన భాగాన్ని మరో స్తంభం వైపు గొలుసుతో లాగాలి. చిక్కేమిటంటే జాకీ నెట్టగలదు గానీ లాగలేదు. జాకీతోనే లాగించడానికి మామయ్య ఒక జంట చట్రం చేశారు. పనికిరాని ఛాసిస్ నుంచి కోసిన ఛానల్ ముక్కలతో ఒకదానిలో ఒకటి దూరే రెండు పొడవాటి చట్రాలు చేసి, ఒక చట్రం జాకీ అడుగును పట్టుకుని దాని తల దాటి అవతలికి వెళ్ళేలా, రెండోది జాకీ తలను పట్టుకుని దాని అడుగు దాటి ఇవతలికి వచ్చేలా అమర్చారు. కొనలకు గొలుసులు తగిలించడానికి ముందు చక్రాలు పక్కలకు తిరిగే చోట ఉండే ఇనుప కడ్డీలు, అరిగిపోయిన కింగ్ పిన్నులు వేశారు. పంపు కొట్టిన కొద్దీ జాకీ విప్పారుతుంటే, చట్రాల బయటి కొనలు మాత్రం ఒకదాని వైపు ఒకటి దగ్గరకు వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇది అర్థం కాలేదు. మామయ్య కోప్పడకుండా, రెండు చేతుల వేళ్ళనూ ఎదురెదురుగా దూర్చి చూపించి, "ఇది నెడితే అది లాగుతుంది, చూసుకోరా అబ్బాయ్" అన్నారు. జాకీని పడుకోబెట్టినప్పుడు దాని పంపు నేలవైపు ఉండాలని, లేకపోతే నూనెకు బదులు గాలి పీల్చి పట్టు వదిలేస్తుందని కూడా అప్పుడే చెప్పారు.

గొలుసు బిగిసిన కొద్దీ ఒక రకమైన సన్నటి మోత వచ్చేది. మోత మారితే పంపు ఆపాలి. ప్రతి గొలుసు మీదా బాగా తడిపిన గోనెసంచులు కప్పాలన్నది మరో నియమం. గొలుసు తెగితే ఆ బరువు దాని విసురును మింగుతుంది. ఒక ఎండాకాలం సాయంత్రం గొలుసు నిజంగానే తెగింది. సంచులు చిరిగి దూరంగా పడ్డాయి గానీ మనుషులకు ఏమీ కాలేదు. ఆ రాత్రి మామయ్య అన్నం సరిగా తినలేదని అత్తయ్య చెప్పింది.

మడత పడిన చోట గ్యాస్‌తో కాల్చవలసి వస్తే, ఆ పని పొద్దు గూకాకే. ఎండ వెలుతురులో ఇనుము ఎంత కాలిందో రంగు తెలియదు. మసక ఎరుపు రాగానే మంట తీసేయాలి, కాల్చిన చోట నీళ్ళు చల్లకూడదు, దానంతట అది చల్లారాలి. అంతకు మించి కాలితే ఛాసిస్ నీరసపడి, తరువాత ఏ ఘాట్ రోడ్డులోనో లోడు మీద ఉన్నప్పుడు చీలుతుందని ఆయన భయం. తొందరపడే ఓనర్లు రాత్రిదాకా ఆగలేక గొణుగుతుంటే, "బండి మీదే గానీ, రోడ్డు మీద ఉండేది మీ డ్రైవరొక్కడే కాదు, ఎదురొచ్చేవాళ్ళు కూడా" అని అనేవారు.

*

ఉలులు చేయించడానికి నన్ను కమ్మరి తాత కొలిమికి పంపేవారు. లారీ కమాను (స్ప్రింగు) పట్టీ ఇనుముకు మించినది ఉలికి లేదు. విరిగిన మెయిన్ పట్టీని గ్యాస్‌తో నిలువునా చీల్చి తీసుకువెళితే, తాత దానిని కొలిమిలో పెట్టి, రైలు పట్టా ముక్కతో చేసిన దాకలి మీద సమ్మెటతో సాగగొట్టేవాడు. మనవడు తిత్తి తిప్పుతుంటే బొగ్గులు ఎగిరెగిరి పడేవి. ఆకారం వచ్చాక అసలు విద్య మొదలు. ఉలిని ఎర్రగా కాల్చి, మొనను మాత్రమే పాత ఇంజన్ ఆయిల్‌లో ముంచి, బయటికి తీసి, వెంటనే ఇటుక ముక్క మీద రాసి ఒక పక్క తెల్లగా మెరిసేలా చేసేవాడు. మడమ వైపున మిగిలిన వేడి మెల్లగా మొన వైపు పాకుతుంటే, ఆ మెరుపు మీద రంగులు నడిచేవి: ముందు లేత ఎండుగడ్డి రంగు, తరువాత ముదురు గోధుమ రంగు, ఆ వెనుకే వంకాయ రంగు, దాని వెనుక నీలం. మొన మీదికి వంకాయ రంగు వచ్చిన క్షణాన ఉలిని పూర్తిగా నూనెలో ముంచాలి. ముందే ముంచితే మొన పెళుసుగా ఉండి రాలుతుంది, ఆలస్యమై నీలం దాటిపోతే మెత్తబడి మొండివారుతుంది. తాతకు అప్పటికే చూపు మందగించింది. మొన దగ్గరికి రంగు వస్తుంటే మనవడు "వచ్చె, వచ్చె" అని చెప్పేవాడు, తాత చెయ్యి దించేవాడు. తరువాత నేను పుస్తకాల్లో ఈ రంగులకూ డిగ్రీలకూ ఉన్న లెక్కలు చదివాను. గడ్డి రంగు సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వంకాయ రంగు 280 దగ్గర వస్తాయట. ఆ కొలిమి దగ్గర ఏ ఉష్ణమాపకమూ లేదు.

పాత రివిట్లు తెగ్గొట్టడానికి ఆ ఉలులు, కొత్త రివిట్లకు గుండ్రటి తల తీర్చడానికి యాక్సిల్ రాడ్డు ముక్కలో గిన్నెలా తొలిచిన గట్టి అచ్చు, లోపల తిరగబడిన రేకును ఎత్తడానికి కమాను కొనతో చేసిన గరిటె, బేరింగులు ఊడబీకడానికి మూడు కాళ్ళ పుల్లరు, వాటిని ఎక్కించడానికి అరిగిపోయిన బేరింగుల ఉక్కు రింగులు — ఒక్కొక్కదాని పుట్టుక చెబితే ఒక్కొక్క బండి కథ అవుతుంది.

*

రేకు పని చేసే భాయ్ గుంటూరు నుంచి వచ్చినవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఆయన సంచిలో చింత మొద్దుతో చేసిన రెండు కొయ్యసుత్తులు, రైలు పట్టా తలను కోసి నున్నగా సానబట్టిన డాలీలు, ఒక పాత చేతిగుడ్డ ఉండేవి. నలిగిన మడ్‌గార్డు వెనుక డాలీ ఆనించి, ముందు నుంచి కొయ్యసుత్తితో తడుతూ, గుంట మధ్యకు ఎన్నడూ పోకుండా అంచుల నుంచే మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చేవాడు. మధ్యలో కొడితే రేకు సాగి ఉబ్బుతుందని, అది ఇక ఎప్పటికీ దారికి రాదని ఆయన చెప్పేవాడు. ఎత్తుపల్లాలు చూడటానికి కళ్ళు మూసుకుని, గుడ్డ మీద అరచెయ్యి పెట్టి రేకును నిమిరేవాడు. గుడ్డ లేకుండా చర్మం నేరుగా తగిలితే గరుకుకు అంటుకుని మోసపోతుందట. చివరకు కిరసనాయిలు తడిపిన పీలికతో తుడిచి, దానిలో షెడ్డు రేకుల నీడ వంకర లేకుండా కనిపిస్తే పని ముగిసినట్టు. లప్పం పట్టించి గుంటలు కప్పేసే పని ఆయనకు నచ్చేది కాదు. ఇప్పుడు లప్పం లేని బండి చూపించమంటే కష్టమే.

ఇంజను పనివాళ్ళకు వేరే మూల ఉండేది. ఆ కాలపు టాటా ఇంజనును అందరూ 692 అనేవారు. 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు) అని దాని పేరులోనే ఉంది. ఆ బోరులోకి పిస్టన్ దించేటప్పుడు రింగులను అదిమి పట్టడానికి నూనె డబ్బా రేకును పట్టీలా కత్తిరించి, తీగతో బిగించేవారు. వాల్వులకు గ్రైండింగ్ పేస్టు పూసి, ట్యూబు ముక్క తొడిగిన కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టి, మజ్జిగ కవ్వంలా అటూ ఇటూ తిప్పుతుంటే గరగరమనే శబ్దం మెల్లగా సన్నబడి మాయమయ్యేది. మైకో కంపెనీ డీజిల్ పంపు టైమింగు పెట్టడానికి పాత డీజిల్ పైపును కొక్కెంలా వంచి పంపు నోటికి బిగించి, చక్రాన్ని తిప్పుతూ, కొన నుంచి డీజిల్ ధార చుక్కలుగా మారి ఆగే చోటును చూసేవారు. ఇంజను తిరుగుతుండగా పొడవాటి స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి లోపల ఏ బేరింగు అరుస్తోందో చెప్పగలిగిన మేస్త్రి ఒకరు ఉండేవారు. డీజిల్ ఇంజను మోతకు ఆయన రెండో చెవి అప్పటికే పాడైంది.

*

ఇవన్నీ మంచి విషయాలు. చెప్పవలసినది మరొకటి ఉంది. ఉలి తలను సుత్తితో కొట్టగా కొట్టగా అది పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచు నుంచి ఒక పెళుసు ముక్క ఎగిరి, నాకంటే ఒక ఏడాది పెద్దవాడైన హెల్పరు కంట్లో పడింది. ఆ కన్ను తిరిగి రాలేదు. అతను పని చేసింది మా షెడ్డులో కాదు, వేరే చోట. అక్కడి యజమాని రెండు నెలల జీతం చేతిలో పెట్టి పంపేశాడు. మామయ్య అతన్ని పిలిచి కొట్టు గదిలో సామాను లెక్క చూసే పని ఇచ్చారు. అప్పటినుంచి ప్రతి శనివారం సాయంత్రం ఉలి తలలన్నీ శానం మీద గుండ్రంగా సానబట్టాలన్న కట్టడి వచ్చింది. చేత్తో చేసుకున్న పనిముట్టును చూసి మురిసిపోయేవాళ్ళు దాని అంచును కూడా చూసుకోవాలని నేను ఈనాటికీ గట్టిగా నమ్ముతాను. అప్పట్లో ఎవరికీ కంటి అద్దాలు లేవు, చేతి తొడుగులు లేవు, కాళ్ళకు చెప్పులే ఉండేవి. అది సరైన పద్ధతి కాదు, పేదరికం పేరు చెప్పి దానిని సమర్థించలేను.

*

దసరాకు పనిముట్లన్నీ బయటికి వచ్చేవి. ముందు రోజు కుర్రవాళ్ళమంతా కూర్చుని ఒక్కొక్కదానినీ కిరసనాయిలులో కడిగి, బ్రష్షుతో తోమి, పొడి గుడ్డతో తుడిచేవాళ్ళం. గచ్చు మీద కొత్త గోనెపట్టా పరిచి, పెద్దవి వెనుక, చిన్నవి ముందు వరుసగా పేర్చి, పసుపు రాసి బొట్లు పెట్టేవారు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చిన మామయ్య తడి తలతోనే హారతి ఇచ్చేవారు. భాయ్ కూడా ఆ రోజు తన డాలీలను తెచ్చి మా పనిముట్ల పక్కనే పెట్టేవాడు, గుమ్మడికాయ కొట్టేదాకా ఉండి ప్రసాదం ఇంటికి తీసుకువెళ్ళేవాడు. కొత్తగా చేరిన కుర్రవాడు తన చేత్తో చేసుకున్న మొదటి పనిముట్టును ఆ వరుసలో పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. నేను పెట్టింది ఒక పంచ్. విరిగిన వాల్వు కాడతో చేసింది. దాని మీద ఎవరిదో తెలిసేలా మూడు చుక్కలు కొట్టుకున్నాను. అరువు వెళ్ళిన పనిముట్టు ఏ షెడ్డులో తేలినా చుక్కలు చూసి తిరిగి పంపేవారు.

*

ఇప్పుడు ఆ షెడ్డును మామయ్య కొడుకు నడుపుతున్నాడు. బండ్లు మారాయి. చాలా బండ్లకు క్యాబిన్ మొత్తం కంపెనీ నుంచే వస్తుంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలన్న నిబంధన కూడా వచ్చింది. వేడి ఇంజను పక్కన కాళ్ళు కాలుతూ కూర్చున్న డ్రైవర్లను చూసినవాడిగా దానికి నేను మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను. బాగా దెబ్బతిన్న బండిని ఇన్సూరెన్సువాళ్ళు బాగుచేయించడం కంటే రద్దు కింద రాసేయడానికే మొగ్గు చూపుతున్నారు. ఛాసిస్ లాగడానికి హైడ్రాలిక్ యంత్రం వచ్చింది. పట్టాల స్తంభాలు ఇంకా ఉన్నాయి గానీ వాటికి బట్టలు ఆరేసుకునే తాడు కట్టారు. కమ్మరి తాత మనవడు కొలిమి వదిలేసి గ్రిల్స్ వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. పాత పనిముట్లలో సగం ఎప్పుడో తూకానికి పోయాయి.

మిగిలినవాటిని ఒకచోట చేర్చి కొలతలు గీసి పెడుతున్నాను, ఎందుకంటే మా బావమరిది దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలు అడుగుతున్నారు. మొదట గీసింది జంటబద్ద. బద్దలు ఆరేసి అడుగుల పొడవు, అంగుళం వెడల్పు, అర అంగుళం మందం ఉంటే చాలు. వాటితో పది అడుగుల దాకా కొలవవచ్చు. కొయ్య బాగా ఆరి, కణుపులు లేకుండా ఉండాలి. కొనలను సూదిగా చెక్కి, అరగకుండా ఇత్తడి రేకు తొడగాలి. రబ్బరు పట్టీలు లారీ ట్యూబు నుంచే కోయాలి, సైకిల్ ట్యూబు పట్టు చాలదు. ఎండలో వదిలేయకుండా, గోడకు ఆనించకుండా, రెండు మేకుల మీద అడ్డంగా పెట్టాలి.